మా ఇంటాయన పేరు పెంటయ్య

కిందటి వారం పెరటి అరుగు మీద కూర్చుని గోంగూర గిల్లుతూ ఉండగా వీధిలో మోటారుసైకిలు ఆగిన చప్పుడైంది. ఆ వెంటనే, "పెంటయ్యగారూ! పెంటయ్యగారున్నారాండీ? రిజిస్టరు పార్సెలొచ్చింది," అని ఒక కుర్రగొంతు పిలిచింది. నా చేతిలో కాడ చేతిలోనే ఉండిపోయింది. ఈ ఇంట్లో అడుగుపెట్టి యాభై ఏళ్ళు దాటింది గానీ, సర్కారు మనిషి ఎవరైనా మా గుమ్మం ముందు నిలబడి ఆ పేరు పెట్టి పిలవగా వినడం నాకదే మొదలు. ఊళ్ళోవాళ్ళకి ఆయన ఎప్పుడూ పెంటయ్యే, పెద్దవాళ్ళకి పెంటడే. తపాలా వాళ్ళకీ, బ్యాంకు వాళ్ళకీ, పటాలం వాళ్ళకీ మాత్రం మొన్నమొన్నటి దాకా సూర్యనారాయణ.

మా ఈడు ఆడవాళ్ళకి నేను వేరే చెప్పక్కర్లేదు, మొగుడి పేరు నోటితో పలికితే ఆయుష్షు తగ్గుతుందని మనల్ని పెంచారు. నోటికున్న ఆ జంకు చేతికి లేనట్టుంది, కాయితం మీద ధైర్యంగానే రాయగలుగుతున్నాను. ఒకే మనిషికి రెండు పేర్లు ఎలా వచ్చాయో, అందులో ఒకటి వదిలించుకోవడానికి ముసలితనంలో ఆయన ఎంత పాటుపడ్డారో చెప్పాలనిపించి ఇలా కూర్చున్నాను.

మా అత్తకి తొలిచూలు ఆడపిల్ల, మా వదిన. తర్వాత మగపిల్లవాడు పుడితే అరసవిల్లి స్వామికి మొక్కుకుని సూర్యనారాయణ అని పేరు పెట్టుకుంది. తెల్లగా, నిండుగా ఉండేవాడట. ఐదారేళ్ళు పెరిగి, ఒక వానాకాలం జ్వరం తగిలి పోయాడు. ఆ వెనక పుట్టినవాడు పురిట్లోనే పోయాడు. ఇక ఆ తర్వాత కడుపు పండినప్పుడు మా అత్త మంచి పేరు అనే మాటే తలపెట్టలేదు. పుట్టిన బిడ్డని మంత్రసాని చేటలో వేసి, తీసుకెళ్ళి మా అత్త పుట్టింటి దొడ్డివెనక పెంటకుప్ప మీద పెట్టింది. పక్కింటావిడ అటు వచ్చి, "ఇదేటి, దిబ్బ మీద గుంటడున్నాడు," అని తెలియనట్టే ఎత్తుకుని, మా అత్త దగ్గరకు తెచ్చి, గుప్పెడు నూకలకి అమ్మింది. కొనుక్కున్న బిడ్డ కనుక తనది కాదు, దిబ్బ మీద దొరికినవాడు కనుక యముడికి కూడా పనికిరాడు. అలా మా ఇంటాయన పెంటయ్య అయ్యారు, బతికారు.

బడిలో వేసేనాటికి కథ మారింది. పంతులుగారు పేరడిగి, పెంటయ్య అనగానే మొహం చిట్లించి, పుస్తకంలో రాయడానికి ఏదైనా మంచి పేరు చెప్పమన్నారట. పిల్లవాడి చెయ్యి పట్టుకుని నిలబడ్డ మా అత్త ఏమాత్రం తడుముకోకుండా సూర్యనారాయణ అని చెప్పింది. ఆ పేరుతోనే ఆయన మా ఊరి బడి దాటి చీపురుపల్లి హైస్కూలుకి వెళ్ళారు, ఆ సర్టిఫికెట్టుతోనే విజయనగరంలో పటాలంలో చేరారు. నదుల మీద వంతెనలు వేసే దళంలో వేశారు. గోగు పండే మెట్టచేలు, కాస్త చోడి, అంటే రాగులు, చినుకు పడితే వరి, ఇదీ ఆ ఇంటి ఆస్తి. అలాంటి ఇళ్ళ నుంచి మా వైపు కుర్రాళ్ళు అప్పట్లో అలాగే రైలెక్కేవారు, ఇప్పుడూ ఎక్కుతున్నారు.

నాది రామతీర్థం దగ్గర ఊరు. ఆయన నాకు దూరపు మేనరికం, అందుకే నేటికీ నా నోట మావా అనే వస్తుంది. పెళ్ళిపీటల మీద పురోహితుడు వరుడి పేరు అడిగితే పెంటయ్య అనే చెప్పారు. సెలవైపోయి ఆయన వెళ్ళిపోయిన నెలకి మనియార్డరు వచ్చింది. తపాలాయన వీధిలో నిలబడి, "సూర్యనారాయణ డబ్బులు పంపించాడు," అని కేకేస్తే, మా అత్త నెత్తిన ముసుగు సర్దుకుంటూ, వీధివీధంతా వినేలా, "ఒస్తన్నాను, మా సూరయ్య పంపినాడా!" అంటూ పరుగున వెళ్ళింది. కొత్తకోడల్ని, గుమ్మం వెనక నిలబడి నివ్వెరపోయాను. ఎవరీ సూర్యనారాయణ? మా పుట్టింటివాళ్ళు విచారించకుండానే నన్నిచ్చేశారా, ఈ ఇంట్లో నాకు తెలియని బావగారు ఒకాయన ఉన్నాడా అని ఆ పూట అన్నం సయించలేదు. సాయంత్రం చోడిపిండి జల్లించుకుంటూ అత్తే చెప్పింది. చెప్పినంతసేపూ పోయాడనే మాట మాత్రం వాడలేదు. "పెద్దోడు ముందెల్లినాడు," అంది, పక్క ఊరికి వెళ్ళినట్టు. ఆ ఇంట్లో ఆ పిల్లవాడి గురించి ఎవరూ గతించినట్టు మాట్లాడకూడదని నాకు ఆరోజే అర్థమైంది.

తర్వాత బంగ్లాదేశ్ యుద్ధం వచ్చింది. మా ఊళ్ళో రేడియో ఉన్నది ఒక్క ఇంట్లోనే, ఆ ఇంటి అరుగు సాయంత్రమైతే నిండిపోయేది. నాకు మొదటి కడుపు. ఒకనాడు టెలిగ్రాం వచ్చింది. ఇంగ్లీషు చదవగలిగిన పోస్టుమాస్టరు దాన్ని తనే పట్టుకుని మా ఇంటికి నడిచి వచ్చాడు. ఆయన మొహం చూసే నేను కూలబడ్డాను. సూర్యనారాయణకి గాయమైంది, ఆసుపత్రిలో ఉన్నాడు, ప్రాణాపాయం లేదు అని చదివాడు. నేను ఏడుస్తూనే ఉన్నాను గానీ మా అత్త కంట నీటిచుక్క లేదు. దేవుడి మూలకి తిరిగి దణ్ణం పెట్టి నా దగ్గరకొచ్చి కూర్చుంది.

"ఏడవకే గుంటా. ఆ గుండు ఎవుడి కోసం ఒచ్చినాదో సూడు. సూరయ్య కోసం ఒచ్చినాది. సచ్చినోడిని మళ్ళీ ఎవుడు సంపగలడు? పెద్దోడు అడ్డం పడ్డాడు. మన పెంటడికి ఏటీ అవదు."

సచ్చినోడు అనే మాట ఆమె నోట విన్నది అదొక్కసారే. ఆమె నమ్మకం ఎంత గట్టిదంటే, ఆ క్షణాన నేనూ నమ్మాను. ఎడమ బుజంలో ఇనపముక్క దిగింది, కొంత తీశారు, కొంత అక్కడే ఉండిపోయింది. వంతెన వేస్తూండగా ఫిరంగి గుళ్ళు పడ్డాయనీ, పక్కన ఉన్నవాడు నీళ్ళలో పడిపోయాడనీ ఆయన చాలా ఏళ్ళకి ఒకసారి చెప్పారు, మళ్ళీ ఎప్పుడూ చెప్పలేదు. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చినప్పుడు మా అత్త రామతీర్థం కొండకి కాలినడకన వెళ్ళి మొక్కు తీర్చుకుంది. ఇద్దరు కొడుకుల పేరునా రెండు కొబ్బరికాయలు కొట్టింది.

ఆ సెలవులోనే ఆయన తల్లిని అడిగారు, నా పేరు నేను రాయించుకుంటానే అమ్మా అని. ఆవిడ తింటున్న కంచం పక్కకి తోసేసి, "నిన్ను బతికించినోడిని ఇప్పుడు కొట్టించెత్తావేట్రా?" అంది. కొట్టించడమంటే కొట్టివేయించడం, కాయితం మీద. ఆయన కంచం మళ్ళీ ఆవిడ ముందుకి జరిపారు. ఆవిడ ఉన్నన్నాళ్ళూ ఆ ఊసు మళ్ళీ ఎత్తలేదు.

ఉద్యోగం పూర్తి చేసుకుని వచ్చేశారు. వ్యవసాయంలో పడ్డారు. పక్క ఊళ్ళో ఆయనతో పాటు పనిచేసిన స్నేహితుడొకడికి యుద్ధపు పతకాలు చాలా ఆలస్యంగా, తపాలాలో వచ్చాయి. చూడ్డానికి వెళ్తే నన్నూ వెంటబెట్టుకెళ్ళారు. ఆ స్నేహితుడు పతకం ఆయన అరచేతిలో పెట్టాడు. ఈయన బొమ్మ చూడలేదు, రిబ్బను చూడలేదు, దాన్ని నిలువుగా తిప్పి అంచు చూశారు. రూపాయి బిళ్ళకి అంచున గీతలున్నట్టు, అక్కడ చిన్న చిన్న అక్షరాల్లో నంబరూ పేరూ చెక్కి ఉన్నాయి. ఆ మనిషి, నువ్వూ ఒక అర్జీ పెట్టుకోరా, గాయానికి ఇంకొకటి కూడా వస్తుంది అంటుంటే నవ్వి ఊరుకున్నారు. తిరిగి వస్తూ పొలంగట్టు మీద నాతో అన్నారు, "నాకు వద్దే. దాని మీద అన్నయ్య పేరు సెక్కుతారు. దెబ్బ తిన్నది నానూ, పేరు ఆడిదీనా?" అని. అన్న మీద కోపం కాదది. ముఖం కూడా చూడని అన్న మీద కోపమేముంటుంది? దిబ్బ మీద దొరికినవాడిగా పెరిగి, చేసిన ఒక్క గొప్ప పనీ ఇంకొకరి లెక్కలో పడిపోతే మనిషికి లోపల ఏదో వెలితి ఉంటుంది కదా. తల్లి ఉండగా పేరు మార్చలేరు, పేరు మారకుండా పతకం అడగలేరు. అలా ఆ రెండూ ఏళ్ళ తరబడి ఒకదానికొకటి అడ్డుపడి ఉండిపోయాయి.

మా అత్త పండుటాకై, తొంభై దాటాక వెళ్ళిపోయింది. సంవత్సరీకాలు అయ్యేదాకా ఆగి, ఆ మర్నాడు ఆయన మా అబ్బాయిని పిలిచి, రికార్డులో పేరు సరిచేయమనీ, పతకాలు ఇప్పించమనీ అర్జీ రాయమన్నారు. మా వాడు ఖంగు తిన్నాడు. వాడు బడిపంతులు. వాడి సర్టిఫికెట్లన్నిటిలో తండ్రి పేరు సూర్యనారాయణ. "లోకంలో పెంటయ్యలందరూ మంచి పేరుకి మారతన్నారు నాన్నా, మంచి పేరు ఒగ్గేసి పెంటయ్య ఏటి? రేపు నా పిల్లల పెళ్ళి శుభలేఖల్లో ఏటని ఏయించాలి?" అన్నాడు. వాడి మాటలో తప్పు లేదు. ఆయన కోప్పడలేదు, బతిమాలలేదు. ఎవరితోనో రాయించుకోవడానికి చీపురుపల్లి బయలుదేరుతూ చెప్పులు వేసుకున్నారు. మా వాడు గుమ్మం దగ్గర అడ్డుపడి, తనే కూర్చుని రాశాడు.

పటాలం రికార్డుల ఆఫీసు నుంచి జవాబు మర్యాదగానే వచ్చింది, ఇద్దరూ ఒకరేనని రెవెన్యూ వాళ్ళ చేత ధ్రువీకరించి పంపమని. అక్కడొచ్చింది చిక్కు. పాత జననాల పుస్తకంలో మా మావగారి కొడుకుగా సూర్యనారాయణ పుట్టినట్టుంది. పెంటయ్య అమ్మమ్మగారి ఊళ్ళో పుట్టారు, అక్కడా ఎవరూ రాయించలేదు కాబట్టి ఎక్కడా లేరు. సూర్యనారాయణ పోయినట్టు ఎవరూ రాయించలేదు. అంటే కాయితాల ప్రకారం సూర్యనారాయణ బతికే ఉన్నాడు, పెంటయ్యే పుట్టలేదు.

తహసీల్దారు చిన్న వయసు అమ్మాయి, మంచి మనిషి. మమ్మల్ని కూర్చోబెట్టి నెమ్మదిగానే అడిగింది: "తాతగారూ, మీరు సూర్యనారాయణ కానంటే మరి ఆ సూర్యనారాయణ ఎక్కడ? పింఛను ఆయన పేరు మీద వస్తోంది, తీసుకుంటున్నది మీరు. రేపు ఎవరైనా అడిగితే నేనేం చెప్పాలి?"

 అన్న పింఛను తినేస్తున్నవాడిగా చూసే చూపు ఒకటి ఉంటుందని ఆయన ఎప్పుడూ ఊహించుకోలేదు. ఆ అమ్మాయి నావైపు తిరిగి, మీ ఆయన పేరు మీరు చెప్పండమ్మా అంది. నా నోరు పెగల్లేదు. ఒక పేరు కాదు, రెండు పేర్లూ గొంతులో అడ్డంపడ్డాయి. నేను తలవంచుకుని కొంగు మెలేస్తూ నిలబడితే ఆమెకి అనుమానం ఇంకా పెరిగింది. ఇది అబద్ధం కాదండీ, మా అమ్మ ఎప్పుడూ నాన్న పేరు పలకదండీ అని మా వాడు సర్దిచెప్పాల్సొచ్చింది. అప్పటికి కళ్ళు మూసుకుని, గుక్క తిప్పుకుని, "పెంటయ్య, అమ్మా," అన్నాను. మా ఇంటాయన కుర్చీలో చప్పున ఇటు తిరిగి చూశారు. ఆ చూపు తలుచుకుంటే ఈ వయసులో కూడా నాకు సిగ్గే.

ఇంటికొచ్చాక మా వాడు అర్జీ వెనక్కి తీసుకుందామన్నాడు. ఉన్న పింఛనుకే ఎసరొస్తే ఎలా అని నాకూ భయం వేసింది. "ఈ ఈడులో మనకెందుకు మావా ఈ రంధి? రేకుబిళ్ళల కోసం కూటి కుండ పగలగొట్టుకుంటామా?" అన్నాను. అన్నందుకు ఇప్పుడు బాధేమీ లేదు, ఆడదాన్ని, రేపటి సంగతి చూసుకోవాలి. ఆయన అన్నం కలుపుతున్న చెయ్యి ఆపి, "రేకుబిళ్ళ కాదే. రేపు నాను పోతే ఆ కాయితంలో పోయేది సూరయ్య. నాను సచ్చినట్టుండదు, బతికినట్టూ ఉండదు. మరి ఇన్నాళ్ళూ నీతో కాపరం సేసినోడు ఎవుడు?" అన్నారు.  మా వాడు కూడా అర్జీ వెనక్కి తీసుకునే ఊసు మళ్ళీ ఎత్తలేదు.

సూర్యనారాయణని కళ్ళారా చూసినవాళ్ళు భూమ్మీద ఇంకా ఒక్కరే మిగిలారు, కోటబొమ్మాళిలో ఉన్న మా వదిన. నేనూ మా వాడూ వెళ్ళాం. కళ్ళు సగం పోయాయి, నడుం వంగింది, కానీ మాట ఖణేలుమంటుంది. విషయం చెప్పగానే ఆవిడ మంచం పట్టె పట్టుకుని, "నాను సెప్పను. అమ్మ ఒప్పుకోదు," అంది. అమ్మ పోయిందని గుర్తు చేస్తే, "పోతే ఏటి? ఇనిపించదనుకున్నావా?" అంది. ఆ పూటకి ఊరుకున్నాం. మర్నాడు పొద్దున్న ఆవిడే స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని, రైలు ఎన్నిటికని అడిగింది.

ఆఫీసులో తమ్ముడి పక్కన కూర్చోమంటే కూర్చోలేదు, కర్ర ఊతంతో నిలబడే చెప్పింది. నేను ఆ మాటలు మరిచిపోలేను.

"నానే సూసినానమ్మా. వానాకాలం. ఆడికి ఒళ్ళు కాలిపోతన్నాది. సీపురుపల్లి ఆసుపత్రికని అయ్య బండి కట్టినాడు. అమ్మ ఒళ్ళో ఆడు, పక్కన నాను. గెడ్డ పొంగిపోయి ఉన్నాది. ఎడ్లు దిగనేదు. నీరు తీత్తాది తీత్తాదని ఒడ్డునే కూకున్నాం. అటొడ్డున మనుషులు అగుపిత్తన్నారు, కేకేత్తే పలుకుతన్నారు. దాటడానికి మాత్రం దారి నేదు. తెల్లారేసరికి ఆడు అమ్మ ఒళ్ళోనే సల్లబడిపోనాడు."

ఆవిడ కర్ర చేయి మార్చుకుంది. తర్వాత గొంతు మారింది.

"ఇంటికెల్లాక అమ్మ నా నోరు మూసేసింది. సూరయ్య సచ్చిపోనాడని ఎవులన్నా అంటే నాలిక కోసెత్తానంది. ఇంతదాన్నయిపోయినాను, నా తమ్ముడి కోసం గట్టిగా ఏడవనేదు. ఇప్పుడంటన్నాను, రాసుకో అమ్మా. మా సూరయ్య సచ్చిపోనాడు. సచ్చిపోనాడు."

అంతే, చిన్నపిల్లలా ఏడ్చేసింది. ఆఫీసులో రాసుకుంటున్నవాళ్ళు, సంతకాలకొచ్చినవాళ్ళు అందరూ నిలబడిపోయారు. ఆ అమ్మాయి కలం పక్కన పెట్టి, తన మంచినీళ్ళ సీసా మూత తీసి ఇచ్చింది. మా ఇంటాయన లేచి వెళ్ళి అప్ప బుజం చుట్టూ చెయ్యి వేశారు. అన్న ఎలా పోయాడో ఆయనకి ఆ నిమిషం దాకా తెలియదు. జ్వరమొచ్చి పోయాడని తెలుసు గానీ, గెడ్డ పొంగి, ఆ వాగు దాటడానికి దారిలేక ఒడ్డునే పోయాడని తెలియదు. ప్రాయమంతా నీళ్ళ మీద దారులు వేసిన మనిషి ఆ మాట విని ఏమనుకున్నారో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు.  ఆ తర్వాతి వారం, ఎవరూ చెప్పకుండానే, గెడ్డకి వెళ్ళి, అన్న పేరున మూడు దోసిళ్ళు నీళ్ళు వదిలి వచ్చారు.

తహసీల్దారు ఊళ్ళోకి మనిషిని పంపి విచారణ చేయించి ధ్రువపత్రం ఇచ్చింది. ఆ తర్వాత ప్రమాణపత్రాలు, పేపర్లో ప్రకటనలు, గెజిట్టు, మళ్ళీ ఉత్తరాలు. ఆ విసుగంతా ఇక్కడ రాసి మీకెందుకు విసుగు తెప్పించడం? పింఛను ఆగలేదు. చివరికి రికార్డులో పేరు సరిచేశామనీ, పతకాలు పంపుతున్నామనీ జవాబు వచ్చింది, ఆ వెనకే పార్సెలు.

డబ్బా ఆయనే విప్పారు. రంగురంగుల రిబ్బన్లకి వేలాడుతూ పతకాలు, గాయానికి ఇచ్చేదొకటి వేరుగా. ఒక్కొక్కటే తీసి, అంచు తిప్పి, ఆయన కళ్ళకి ఆనక, నాకందించారు. కళ్ళద్దాలు తుడుచుకుని చూశాను. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కునేపాటి చదువు నాకుంది. ఆయన మొహం వైపు చూడకుండా మెల్లిగా చదివాను. మళ్ళీ చదవమన్నారు. మళ్ళీ చదివాను. సరేలే అని లేచి, గేదెకి కుడితి పెట్టడానికి వెళ్ళిపోయారు. అంతకంటే ఏమీ జరగలేదు. మా వాడు మాత్రం సాయంత్రం వచ్చి ఫొటో తీసి, తన బడి వాళ్ళందరికీ పంపుకున్నాడు, మా నాన్న పెంటయ్యగారు అని రాసి మరీ.

మర్నాడు పాసింజరులో ఇద్దరం కోటబొమ్మాళి వెళ్ళాం. వదిన అరచేతిలో ఆయన పతకం పెట్టారు. ఆవిడ వేళ్ళతో దాన్ని తడిమి, అంచు దగ్గర గోరు తగిలి ఆగింది.

"ఇదేటి, గరుగ్గా ఉన్నాది?"

"పేరప్పా."

"ఎవుడిది?"

"నాదే."

"పెద్దోడిది నేదా?"

"నేదప్పా. ఇంక ఎక్కడా నేదు."

ఆవిడ ఇంకోసారి ఆ అంచు తడిమింది. పతకాన్ని తమ్ముడి చేతిలో పెట్టి, ఆ చేతిని రెండు చేతులతో మూసి, "పోన్లే. పాపం, ఆడు ఎన్నాళ్ళు మోసినాడో నిన్ను. ఇంక ఒగ్గీయండి ఆడిని," అంది.

తిరుగు రైల్లో మా ఎదురుగా ఒక చిన్న వయసు తల్లి కూర్చుంది. ఒళ్ళో పొత్తిళ్ళ బిడ్డ. పేరేం పెట్టావమ్మా అంటే, ఫోనులో వెతికి పెట్టామండీ అని ఏదో రెండక్షరాల పేరు చెప్పింది, వినడానికి గాజుల చప్పుడులా బాగుంది. కిటికీలోంచి చూస్తే ప్రతి గెడ్డ మీదా కల్వర్టో వంతెనో కనిపిస్తోంది. ఫోను చేస్తే ఇంటిముందుకే అంబులెన్సు వస్తోంది. బిడ్డని దిబ్బ మీద పెట్టి నూకలకి కొనుక్కునే అవసరం ఇప్పుడు ఏ తల్లికీ లేదు, ఉండకూడదు కూడా. మా రోజులే మంచివని నేనెప్పుడూ అనను. మా రోజుల్లో పిల్లలు దక్కేవారు కాదు.

కానీ పెంటయ్యలు, సన్యాసులు, నూకాలమ్మలు అందరూ మా ఈడుతోనే ఆఖరు. మా ఊళ్ళో ఇప్పుడు ఆ పేరున్నవాళ్ళంతా కర్రపట్టుకు నడిచేవాళ్ళే. రేపు ఎవరైనా ఆ పేరు చదివితే ముక్కు మూసుకుని నవ్వుతారు, నవ్వనీ. యముడికి వినబడేలా నీ మీద నాకు ప్రేమ లేదని బొంకుతూ, లోకంలో ఏ తల్లీ ప్రేమించనంతగా ప్రేమించి పెట్టిన పేరది. అలాంటి పేరు పెట్టడం మాత్రం ఇంకెవరికీ చేతకాదు.